మెట్ల కింద నా చోటు

కొత్తగా ఉద్యోగంలో చేరిన సివిల్ ఇంజనీర్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు ఎవరైనా కాఫీ ఇస్తే తాగండి. వాళ్లు నవ్వుతారు. ముసలాయనకి చాదస్తం పట్టుకుంది అనుకుంటారు. అనుకోనివ్వండి. ఒక కప్పు కాఫీ వద్దన్నందుకు నాకేం జరిగిందో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

డెబ్బైల చివరి సంగతి. న్యూజెర్సీలో, జెర్సీ సిటీకి దగ్గర్లోని ఒక చిన్న టౌన్‌లో మునిసిపల్ ఇంజనీరింగ్ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. మాది గుంటూరు. మా ఆవిడ నర్సు. ఆవిడ వీసా పట్టుకునే నేను అమెరికాలో అడుగుపెట్టాను, ఆ మాట ఆవిడ ఇప్పటికీ మర్చిపోనివ్వదు. మొదటి ఏడాదిన్నర ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు మోశాను. అలాంటివాడి మెడలో ఇంజనీర్ అని రాసిన బ్యాడ్జి పడితే ఊరుకుంటాడా? నాకు కొమ్ములొచ్చాయి. ఇంట్లో కుళాయి కారినా రిపోర్టు రాసేవాణ్ణి.

ఆ టౌన్ సగం కింద నది పక్కన, సగం పైన కొండ అంచు మీద ఉండేది. రెంటినీ కలుపుతూ పాత రాతి మెట్లు. మధ్యలో ఎక్కేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి మూడు చోట్ల వెడల్పాటి అరుగులు. ఆ మెట్లకి అటూ ఇటూ ఉన్న ఇళ్లన్నీ ఒకే ఊరివాళ్లవి. ఇటలీలో దక్షిణాన ఎక్కడో కొండ మీద ఉన్న చిన్న పల్లెటూరు అది. తాతల కాలంలో పడవెక్కి వచ్చి, వెతికి వెతికి మళ్లీ కొండ పక్కనే ఇళ్లు కట్టుకున్నారు. ప్రతి పెరట్లోనూ ఒక అంజూరపు చెట్టు. బైబిల్లో చదవడమేగానీ ఆ చెట్టుని నేను కళ్లతో చూసింది అక్కడే.

మే నెలలో మా చీఫ్ నన్ను ఆ మెట్లు చూసి రమ్మన్నాడు. చేతిలో సుత్తి, చంకలో క్లిప్‌బోర్డు. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో రాయినీ కొట్టి చూస్తూ ఎక్కాను. మూడో అరుగు మీద నల్ల గౌను వేసుకున్న ఒక పెద్దావిడ గిన్నె ఒళ్లో పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది.

"కాఫీ తాగుతావా?" అని అడిగింది.

"నో థాంక్యూ మేడమ్. డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీలో ఉన్నవాళ్లకి దాహం వేయదా?"

నేను నవ్వను కూడా నవ్వలేదు. నవ్వితే ఇంజనీరు హోదా ఏమవుతుంది? ఆవిడ కాళ్ల పక్కనే రాయి మీద సుత్తితో కొట్టాను. టంగుమనాల్సింది డొబ్బుమంది. ఇంకోచోట కొట్టాను. అక్కడా డొల్లే. ఆఫీసుకొచ్చి పాత ప్లాన్లు తిరగేశాను. అందులో ఆ అరుగు కింద గట్టి మట్టి అనే ఉంది. అంటే వాననీటికి లోపల మట్టి కొట్టుకుపోయింది, రేపో మాపో అరుగు కూలుతుంది అని నిర్ధారణ చేసేశాను. నాలుగు పేజీల రిపోర్టు, ఎర్రసిరాతో రెండు గీతలు. చీఫ్ సంతకం పెట్టాడు. మర్నాడు మెట్లకి అడ్డంగా చెక్కలు కొట్టించి, "డేంజర్" అన్న బోర్డు నా చేత్తో నేనే తగిలించాను. పెద్దావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఆ మర్నాడు తొమ్మిదింటికల్లా ఆఫీసు గుమ్మంలో పదిమంది. ముందు ఒక ముసలాయన, టోపీ తీసి చేత్తో పట్టుకుని. పెద్దావిడ భర్త. డెబ్బై తొమ్మిదేళ్లు, జీవితమంతా తాపీపని చేసినవాడు. ఆయన అరచేతులు రాళ్లలాగే ఉన్నాయి.

"మా మెట్లు మూసిందెవరు?" అన్నాడు. చీఫ్ నిర్దాక్షిణ్యంగా నా వైపు వేలు చూపించాడు.

"ఇంకో మూడు వారాల్లో మా పండగ, ఇంజనీరూ. సెయింటు ఆ మెట్లే ఎక్కాలి."

"రోడ్డు మీదుగా తీసుకెళ్లండి. ఈ ఒక్క ఏడాదికే కదా," అన్నాను.

ఆ పదిమందీ నేనేదో బూతుమాట అన్నట్టు చూశారు. చీఫ్ నన్ను పక్కకి లాగి, "వెళ్లి వాళ్లు చెప్పేది విను. శాంతపరిచి గానీ ఆఫీసుకి రాకు," అన్నాడు.

అలా వాళ్ల క్లబ్బుకి వెళ్లాను. ఒక పొడుగాటి హాలు, మడత కుర్చీలు, గోడ నిండా వాళ్ల ఊరి ఫొటో. ఊరంటే ఊరు కాదు, కొండ మీద ఇళ్లు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కింది ఇంటి కప్పు పై ఇంటికి వాకిలి. వీధులే లేవు, అన్నీ మెట్లే. కొసన చర్చి, దాని గంటస్తంభం మీద ముల్లు ఒకటే మిగిలిన గడియారం. కిందనున్న లోయలో దోమలూ జ్వరాలూ, సముద్రం మీద దొంగలూ ఉండేవారని, అందుకని పూర్వీకులు పైకెక్కి కూర్చున్నారని ముసలాయన చెప్పాడు. నీళ్లకి మాత్రం రోజూ కిందికే దిగాలి. "మా ఊళ్లో మోకాళ్లు అరగనివాడు పరాయివాడి కిందే లెక్క," అన్నాడు.

నేను వింటూనే ఉన్నానుగానీ నా కళ్లు ఫొటోలో బాల్కనీల మీద ఆగిపోయాయి. ప్రతి బాల్కనీకీ ఎర్రటి దండలు వేలాడుతున్నాయి.

"అవేమిటి?" అన్నాను.

"మిరపకాయలు. ఎండబెడతాం."

ఓరి దేవుడా! గుంటూరు వాడికి ఆ మాట చెబితే ఇంకేముంది? అమెరికా వచ్చాక కారం తినే తెల్లవాణ్ణి నేను చూడలేదు. అక్కడే ఉన్న పెద్దావిడ లోపలికెళ్లి నూనెలో ఊరేసిన పండుమిరప ముద్ద, రొట్టె తెచ్చింది. నాకు కళ్లనీళ్లు వస్తాయని అందరూ చుట్టూ మూగారు. నేను స్పూనుతో తిన్నాను. తిని, "ఉప్పు కొంచెం తగ్గింది," అన్నాను. హాలంతా గొల్లుమంది. అక్కడి నుంచి నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

వాళ్ల సెయింటు తాపీమేస్త్రి. మా వైపు ఆర్‌సీఎం వాళ్లు, అంటే కేథలిక్కులయితే పునీతుడు అంటారు. ఎప్పుడో భూకంపం వచ్చినప్పుడు చర్చి గోడ పడిపోబోతుంటే, జనం బయటపడేదాకా భుజంతో ఆపాడట. అందుకని పండగనాడు ఆయన విగ్రహాన్ని చక్రాల బండి మీద తీసుకెళ్లరు. బోయీలు పల్లకీ మోసినట్టు పన్నెండుగురు భుజాల మీదే మోయాలి, మెట్లే ఎక్కాలి. ఒక్కో మోతచోటు ఒక్కో ఇంటిది. ముందు ఎడమవైపు చోటు ముసలాయనది, అంతకుముందు ఆయన తండ్రిది. యాభై ఏళ్లుగా మోస్తున్నాడు.

"ఈ ఏడాదే ఆఖరు," అని మోకాలు తట్టి చూపించాడు. "డాక్టరు తిట్టాడు. చోటు నా అల్లుడికి ఇస్తాను. కానీ ఎక్కడపడితే అక్కడ ఇవ్వడం కుదరదు. మూడో అరుగు మీద, సెయింటు భుజాల మీద ఉండగా, నా భుజం కిందనుంచి తియ్యకముందే వాడి భుజం చేరాలి. ఆయన నేలకి తగలకూడదు. అలా ఇచ్చి పోకపోతే చోటు చీట్లేసి వేరే ఇంటికిస్తారు."

వచ్చే ఏడాది ఆ మోకాళ్లు మెట్లెక్కలేవని నాక్కూడా తెలుస్తూనే ఉంది. మనసు చివుక్కుమంది. అయినా ఇంజనీర్ని కదా. "క్షమించండి. మూడో అరుగు కింద డొల్లగా ఉంది. నా సుత్తి అబద్ధం చెప్పదు," అన్నాను.

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పెద్దావిడ నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక ఏప్రన్ నోట్లో కుక్కుకుంది.

"డొల్లగా ఉండదా మరి? కింద గాడిదల కొట్టం ఉంటేను!"

విషయం ఏమిటంటే, వాళ్ల ఊళ్లో మెట్ల అరుగు ప్రతిదాని కిందా రాతి కమాను కట్టి అందులో గాడిదని కట్టేస్తారు. చోటు వృథా చేయరు. ఇక్కడ ఈ మెట్లు కట్టింది ఆ ఊరి మేస్త్రీలే, ముసలాయన తండ్రీ ఆయన తోటివాళ్లూ. ప్లాన్‌లో మట్టితో నింపమని ఉంటే రెండు అరుగులు అలాగే నింపారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదు. కమాను కట్టేశారు. న్యూజెర్సీలో గాడిద ఎక్కడ దొరుకుతుందని ఒక్కడూ ఆలోచించలేదు.

"మరి గాడిద లేకుండా దాంట్లో ఏం పెట్టారు?"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. దేశంలో మద్యం నిషేధం ఉన్న రోజుల్లో అందులో వైన్ పీపాలు ఉండేవట. తర్వాత పోలీసుల భయంతో ద్వారానికి ఇటుకలు కట్టి, ముందు అంజూరపు చెట్టు నాటేశారు. అందుకే ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఏ కాగితం మీదా లేదు.

"అమ్మా, నేను సుత్తితో కొడుతున్నప్పుడే చెప్పొచ్చు కదా!" అన్నాను పెద్దావిడతో.

"నువ్వు కాఫీ తాగితే చెబుదామనుకున్నాను. తాగలేదుగా," అంది.

రెండ్రోజుల్లో అంజూరపు చెట్టు వెనక ఇటుకలు విప్పించాం. లోపలికి వంగి దూరి టార్చి వేశాను. ఏం కమాను! రాయీ రాయీ మధ్య బ్లేడు దూరదు, ఎక్కడా తడి లేదు, పగులు లేదు. అంతటి పనిని నేను డేంజర్ అన్నానే అని సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కొలతలు తీసి, లెక్కలు కట్టి, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు బస్తాలు తెప్పించి, పల్లకీకి మూడింతల బరువు అరుగు మీద పేర్చి రెండు రోజులు ఉంచాను. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆ కొట్టంలో ఒక మూల మూడు కాళ్ల పీట ఒకటి దుమ్ము పట్టి ఉంది. ముసలాయన దాన్ని చేత్తో తుడిచి, చాలాసేపు పట్టుకు నిల్చున్నాడు. "మా నాన్నది," అన్నాడు. వాళ్ల ఊరి ఆచారం, కమాను కట్టడం పూర్తయ్యాక కింద ఆపు కర్రలు తీసేసేటప్పుడు, గట్టిదని మాట ఇచ్చిన మేస్త్రి దాని కింద పీటేసుక్కూర్చుని రొట్టె తినాలట. రొట్టె పూర్తయ్యేదాకా లేవకూడదట.

చీఫ్ కొత్త రిపోర్టు చూసి, "పాత రిపోర్టు రాసినవాడూ నువ్వేనా?" అని సంతకం పెట్టాడు. బోర్డు పీకేశాను. కథ అయిపోయిందనుకున్నాను.

ఎక్కడ అయిపోయింది? పండగ నాలుగు రోజులుందనగా ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఒక్కడే. పన్నెండుగురిలో ఐదుగురు మేం మోయం అంటున్నారట. ఆ బోర్డు టౌనంతా చూసింది కదా. ఇళ్లలో ఆడవాళ్లు వద్దని పట్టుబట్టారు. ముసలాయన అల్లుడు బార్బరు, ఆ ఊరివాడు కూడా కాదు, అందరికంటే ముందు ఆయనే జారుకున్నాడు.

"నేనే వచ్చి చెబుతాను. లెక్కలు చూపిస్తాను. టెస్టు కూడా చేశాం," అన్నాను.

"ఇంజనీరూ, ఒక కాగితంతో కూలుతుందన్నావు. ఇంకో కాగితంతో కూలదంటున్నావు. కాగితాన్ని ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయి అన్నాడు, అది మరీ కష్టంగా ఉంది. యాభై ఏళ్లు మోసినాయన చోటు నా నాలుగు పేజీల వల్ల పోతోంది.

"అయితే పీట నేను వేసుకుంటాను," అనేశాను. నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు.

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ గరిటె కిందపెట్టింది.

"ఏవండీ, పండగ వాళ్లది, కమాను వాళ్లది. మధ్యలో మీ తలకాయేంటి?"

"గట్టిదని సంతకం పెట్టాను కదే."

"సంతకం చేత్తో పెట్టారా, నెత్తితో పెట్టారా? ఆదివారం మన తెలుగు ప్రేయర్‌కి ఏం చెప్పమంటారు? మావారు విగ్రహం కింద కూర్చున్నారండీ అని చెప్పనా?" అని, గరిటె మళ్లీ తీసుకుని, "కూలదు కదా?" అంది.

"కూలదు."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే రొట్టె ఎందుకు, పులిహోర కలిపిస్తాను," అంది. చీఫ్‌కి చెబితే చెవులు మూసుకుని, "నేను ఆదివారం చేపలు పట్టడానికి వెళ్తున్నాను. నువ్వేం చెప్పావో నాకు వినబడలేదు," అన్నాడు.

జూన్‌లో ఆ పండగ ఆదివారం, ఎండ మండిపోతోంది. నేను కింద కూర్చుంటానని తెలిశాక, మోయం అన్నవాళ్లూ, అల్లుడూ మళ్లీ ఒప్పుకున్నారు. వాళ్ల ఆచారం ప్రకారం ప్రతి ఇంటివాళ్లూ తమ తమ మెట్టు కడిగి పూలు పెట్టారు. నేను మడత పడని చొక్కా, టై కట్టుకుని, స్టీలు టిఫిన్ బాక్సు పట్టుకుని, అందరూ చూస్తుండగా అంజూరపు చెట్టు వెనక్కి వంగి దూరాను. జనం చప్పట్లు కొట్టారు. మా ఆవిడ హాస్పిటల్ నుంచి తెచ్చిన ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒళ్లో పెట్టుకుని బయట చెట్టు కింద కూర్చుంది. పెద్దావిడ ఆవిడకి కాఫీ ఇచ్చింది. తాగింది. మా ఆవిడకి ఎప్పుడూ నాకంటే బుద్ధి ఎక్కువే.

లోపల చల్లగా, పాత వైన్ వాసనతో ఉంది. పీట మీద కూర్చుని బాక్సు తెరిచాను. దూరంగా బ్యాండు. తర్వాత అడుగులు. మోసేవాళ్లని నడిపించే పెద్దమనిషి కర్రతో మోతబొంగు మీద ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. టక్ టక్. అడుగులు దగ్గరయ్యాయి. నా లెక్కలన్నీ సరైనవని నాకు తెలుసు. ఉప్పు బస్తాలు పేర్చింది నేనే. అయినా ఆ అడుగులు నెత్తి మీదికి వచ్చేసరికి, నిజం చెప్పొద్దూ, ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ప్రార్థన మొదలుపెట్టి సగంలో మర్చిపోయాను. పైనుంచి సన్నటి దుమ్ము పులిహోర మీద రాలింది.

టక్. ఆగారు, సరిగ్గా నా మీద. బ్యాండు ఆగిపోయింది. చోటు మారే ఘడియ. నిశ్శబ్దం ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉంది. ముసలాయన గొంతు ఏదో పేరు పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. ఒక బూటు రాయి మీద జర్రున జారింది, ఎవరో కేక పెట్టారు. నేను పీట మీంచి సగం లేచాను. అప్పుడే ఒక ఆడగొంతు గట్టిగా ఏదో అరిచింది. దడదడమని పరుగు. ఆ తర్వాత జనం అరిచిన అరుపుకి కమాను కూలిపోతుందేమో అనిపించింది. టక్ టక్. అడుగులు కదిలి, పైకి వెళ్లిపోయాయి.

నేను కూర్చుని బాక్సులో మిగిలిన పులిహోర, దుమ్ముతో సహా, మెతుకు మిగలకుండా తిన్నాను. ఆచారం ఆచారమే కదా.

కాసేపటికి ద్వారం దగ్గర వెలుగు ఆగింది. ముసలాయన గోడ పట్టుకుని, వంగి లోపలికొచ్చి నేల మీద చతికిలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. రెండూనని తర్వాత తెలిసింది. అల్లుడు అరుగు దాకా వచ్చి, పైకి రాలేక మెట్టు మీద బిగుసుకుపోయాడట. ముసలాయన మోకాలు వంగిపోతోంది. అప్పుడు ఆయన కూతురు, స్కూల్ క్యాంటీన్‌లో వంట చేసే నలభై ఏళ్ల మనిషి, హీల్స్ విప్పి అవతల పారేసి, మొగుణ్ణి పక్కకి తోసి, తండ్రి భుజం పక్కన భుజం పెట్టేసింది. ఆ ఊరి చరిత్రలో ఆడమనిషి మోయడం అదే మొదలు.

"తగల్లేదు, ఇంజనీరూ," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "ఆయన నేలకి తగల్లేదు."

ఆ కూతురు చోటు చెల్లుతుందా లేదా అని క్లబ్బులో మూడు నెలలు కొట్టుకున్నారు. చివరికి మీటింగు పెట్టి నన్నూ సాక్షిగా పిలిచారు. నేను చూసింది ఏమీ లేదు, విన్నదే చెప్పాను. భుజం చేరింది, సెయింటు నేలకి తగల్లేదు, కాబట్టి చెల్లుతుందని తేల్చారు. బార్బరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను లేచి వెళ్లబోతుంటే పెద్దావిడ కూర్చోమంది.

"ఇంకొకటి ఉంది. సెయింటు పైన ఉండగా ఎవరు ఏ చోట ఉంటే ఆ చోటు వాళ్ల ఇంటిదే. ఇతను కింద ఉన్నాడు. కాబట్టి ఆ చోటు ఇతనిది."

చేతులెత్తారు. ఏకగ్రీవం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా తెలుగు ప్రేయర్‌లో ఒక పెద్దాయన మాత్రం, "విగ్రహం మోశావటగా బాబూ?" అని నిలదీశాడు. "లేదండీ, దాని కింద కూర్చుని పులిహోర తిన్నాను," అన్నాను. దానికి సరిపడే వాక్యం కోసం ఆయన బైబిల్ తిరగేయడం మొదలుపెట్టాడు.

ఎనభైల్లో ఇంకో ఉద్యోగం దొరికి పార్సిప్పనీ వెళ్లిపోయాం. ముసలాయనా, పెద్దావిడా పోయారు. జూన్ వస్తే నేను టై కట్టుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని, డ్రైవ్ చేసుకుని వెళ్తూనే ఉన్నాను. ముసలాయన నాకిచ్చేసిన పీట మాత్రం మా గరాజ్‌లోనే ఉంటుంది. పండగకి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చుకుంటాను. ఇప్పుడు నా మోకాళ్లూ అరిగాయి. ఆ ఊళ్లో ఇక నేను పరాయివాణ్ణి కాదు.

మా అమ్మాయి బ్రిడ్జీలు డిజైన్ చేస్తుంది. మొన్న గరాజ్‌లో పీటకి తగిలి పడబోయి, చేత్తో తీసి చూసింది.

"డాడీ, నీ నీస్ అంత పెయిన్ ఉంటే, ఇది నాకు ఇచ్చేయ్ కదా. నేను కూర్చుంటా."

దాన్ని ఆమె చేతిలోంచి మెల్లిగా తీసుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ మూలన పెట్టాను.

"ఇక్కడ ఇవ్వడం కుదరదమ్మా," అన్నాను. "పైన ఆయన ఉండాలి."